గుండె కండరమునకు రక్తము చాలుచున్నదా? సి.టి. స్కాన్ చెప్పగల సమాధానము

గుండె దేహమంతటికిని రక్తమును పంపు అవయవమని అందరు నెరుగుదురు. ఆ గుండెకును తన పోషణ కొరకు రక్తము కావలెనను సంగతి చాలమందికి స్ఫురింపదు. గుండె గదుల నిండ ఎల్లప్పుడు రక్తమున్నను, దళసరియైన దాని గోడలలోని కండరము ఆ రక్తమునుండి నేరుగా తన ఆహారమును తీసికొనజాలదు. ఆ కండరమునకు వేరుగా రక్తనాళములు గలవు. వానిలో లోపము కలిగినపుడు ఛాతీ నొప్పియు, గుండెపోటును సంభవించును. ఆ లోపము ఎంతటిదో, దానివలన కండరమునకు నిజముగా హాని కలుగుచున్నదో లేదో తెలిసికొనుటకు నేడు కొన్ని పరీక్షలు గలవు. అందులో క్రొత్తదియైన సి.టి. స్కాన్ పరీక్షను గూర్చి ఈ వ్యాసమున వివరింపబడినది.

గుండెకు రక్తము చేరు మార్గము

గుండెనుండి వెలువడు పెద్ద రక్తనాళమునకు బృహద్ధమని యని పేరు. దాని మొదటనే రెండు చిన్న ధమనులు చీలి, గుండె వెలుపలి భాగమున అల్లుకొని, కొమ్మలు రెమ్మలై కండరములోనికి దిగును. వీనిని హృదయ ధమనులనియు, కరొనరీ ధమనులనియు పిలుతురు. వీని మొదలు సాధారణముగా 3, 4 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే యుండును. మనిషి విశ్రాంతిగా నున్నపుడు గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపును. అందులో నూటికి నాలుగైదు వంతులు, అనగా ఇంచుమించు పావు లీటరు, ఈ ధమనులగుండ గుండె కండరమునకే చేరును.

తక్కిన అవయవములకును గుండెకును ఒక ముఖ్యమైన భేదము గలదు. విశ్రాంతిగా నున్న కాలి కండరము, తన వద్దకు వచ్చిన రక్తములోని ప్రాణవాయువులో కొంత భాగమునే వాడుకొనును. పని పెరిగినపుడు మిగిలిన దానిని కూడ తీసికొనగలదు. గుండె కండరమట్లు కాదు. అది విశ్రాంతి సమయముననే తనకు వచ్చిన ప్రాణవాయువులో ఇంచుమించు మూడు పాళ్లు వాడుకొనును. కావున పని పెరిగినపుడు దానికి గల ఉపాయము ఒక్కటియే: మరింత రక్తము రావలెను. ఆరోగ్యవంతునిలో ఆ రక్తము మూడు నాలుగు రెట్ల వరకు పెరుగగలదు.

ఇరుకు వేరు, కరవు వేరు

హృదయ ధమనుల లోపలి గోడలలో కొవ్వు, సున్నము పేరుకొన్నకొలది దారి యిరుకగును. యాంజియోగ్రామ్ అను పరీక్షలో ఆ యిరుకు స్పష్టముగా కనబడును. పరీక్ష ముగిసిన పిమ్మట, "ఒక ధమని నూటికి అరువది వంతులు మూసికొన్నది" అని వైద్యులు చెప్పగా, రోగియు కుటుంబమువారును ఆ అంకెను విని భయపడుదురు. తక్షణమే స్టెంట్ వేయింపవలెనా, బైపాస్ శస్త్రచికిత్స చేయింపవలెనా అని ఆందోళన చెందుదురు. అందుకు అప్పు చేయువారును గలరు.

ఆ అంకె ధమని వెడల్పును గూర్చి మాత్రమే చెప్పునని గ్రహింపవలెను. ధమని ఆవల నున్న కండరము స్థితిని అది చెప్పదు. కాలువ గట్టుపై నిలిచి వెడల్పు కొలిచినవానికి కాలువ సంగతి తెలియును గాని, చివరి చేనుకు నీరందినదో లేదో తెలియదు. పూడిక గల కాలువ క్రింద కూడ పైరు పచ్చగా నుండవచ్చును. ఏలయన, ప్రక్క కాలువనుండి పిల్లకాలువలు ఆ చేనుకు నీరిచ్చుచుండవచ్చును. గుండెలోను ఇట్లే జరుగును. ఒక ధమని ఇరుకైనపుడు, ప్రక్క ధమనినుండి సన్నని నాళములు పెరిగి ఆ భాగమును కొంతవరకు పోషింపగలవు. అట్లే కాలువ వెడల్పుగా నున్నను, చేనులోని బోదెలు చెడిపోయినచో పైరు ఎండును. పెద్ద ధమనులు బాగుగనే యుండి, కంటికి కనబడని చిన్న నాళములు చెడినపుడు కూడ ఛాతీ నొప్పి కలుగును. ఈ రెండవ రకము స్త్రీలలో ఎక్కువగా కనబడుచున్నది. యాంజియోగ్రామ్ బాగున్నదని చెప్పి, వారి నొప్పిని మనోభ్రమగా త్రోసివేయుట న్యాయము కాదు.

విశ్రాంతిలో దాగు లోపము

వానలు కురియు దినములలో పూడిన కాలువ కూడ సరిపోవును. ఎండలు ముదిరి, పైరు పొట్టకు వచ్చినపుడే నీటి కొరత బయటపడును. హృదయ ధమనుల విషయమును ఇంతియే. 1974లో అమెరికా వైద్యుడు లాన్స్ గౌల్డ్, ఆయన సహచరులు కుక్కల గుండెలపై జరిపిన ప్రయోగములలో ఈ సంగతి రుజువైనది. ధమని వెడల్పును నూటికి 85 వంతుల వరకు తగ్గించినను విశ్రాంతి సమయపు రక్తప్రవాహము తగ్గలేదు. కాని రక్తము అత్యధికముగా పారవలసినపుడు మాత్రము, ధమని సగము మూసికొనక ముందే ఆ ప్రవాహము తగ్గనారంభించినది.

దీనికి కారణము గలదు. ధమని ఇరుకైనపుడు, దాని ఆవలనున్న సన్నని నాళములు తమంతట తామే వెడల్పై, వలసిన రక్తమును రాబట్టుకొనును. అందుచేత విశ్రాంతిలో రోగికి బాధ యుండదు. మెట్లెక్కినపుడు, బరువు మోసినపుడు ఇంకను వెడల్పగుటకు వానికి వీలు లేక, కండరమునకు రక్తము చాలదు. అట్టి కొరత మొదట గోడ లోపలి పొరలో కలుగును. ధమనులు వెలుపలినుండి లోనికి దిగును గనుక, లోపలి పొర కాలువ చివరి భూమి వంటిది.

కావున గుండె కండరపు రక్తప్రవాహమును పరీక్షింపగోరువారు దానిని విశ్రాంతిలోనే గాక, శ్రమ సమయమున కూడ చూడవలెను. ఇది ఈ పరీక్షకు మూలసూత్రము.

సి.టి. యంత్రము ఏమి చూచును?

1895లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. సామాన్యమైన ఎక్స్-రే చిత్రములో శరీరభాగములన్నియు ఒకదానిపై నొకటి పడి కనబడును. ఈ చిక్కును తొలగించినది సి.టి. యంత్రము. ఇంగ్లండులో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రముతో 1971లో లండనులో మొదటిసారిగా ఒక రోగి మెదడును చిత్రించిరి. దీనికి వలసిన గణితమును అంతకు ముందే రూపొందించిన ఆలన్ కార్మాక్‌తో కలిసి హౌన్స్‌ఫీల్డ్ 1979లో నోబెల్ బహుమానమును పొందెను. ఈ యంత్రములో ఎక్స్-కిరణముల గొట్టము రోగి చుట్టును తిరుగును. పలు దిక్కులనుండి లభించిన కొలతలను కంప్యూటరు కూర్చి, శరీరమును అడ్డముగా కోసి చూపినట్లు చిత్రమును తయారుచేయును.

మెదడు కదలదు, గుండె క్షణమైనను ఆగదు. కదలుచున్న గుండెను స్పష్టముగా చిత్రించుటకు మిక్కిలి వేగముగల యంత్రములు కావలసివచ్చినవి. నేటి కొన్ని యంత్రములలో 320 వరుసల గ్రాహకములు గలవు. అవి ఒక్క చుట్టులోనే 16 సెంటీమీటర్ల పొడవును, అనగా గుండె నంతటిని, చిత్రింపగలవు.

కండరమును రక్తమును ఎక్స్-రే చిత్రములో ఇంచుమించు ఒకే రీతిగా కనబడును. కావున చేతి సిరలోనికి అయొడిన్ గల ద్రవమును ఎక్కింతురు. అయొడిన్ ఎక్స్-కిరణములను ఎక్కువగా అడ్డగించును గనుక, అది కలసిన రక్తము చిత్రములో తెల్లగా కనబడును. ఆ రక్తము హృదయ ధమనులగుండ కండరములోనికి పోయినపుడు కండరము కూడ తెల్లబడును. రక్తము చక్కగా అందిన భాగము ఎక్కువగా తెల్లబడును. అందని భాగము నల్లగా మిగిలిపోవును. చేనులో నీరు పారిన మేర తడిసినట్లును, పారని మేర పొడిగానే యున్నట్లును దీనిని భావింపవచ్చును.

గుండెకు శ్రమ కలిగించు మందు

యంత్రములో పరుండిన రోగిచే పరుగు తీయించుట సాధ్యము కాదు. అందుచేత హృదయ ధమనులను వెడల్పు చేయు మందును సిరద్వారా ఇత్తురు. ఇందుకు అడినోసిన్ అను మందు ఎక్కువగా వాడుకలో నున్నది. ఇది మన శరీరములోనే సహజముగా గల పదార్థము. కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థములో ఇది ఒక భాగము. ఈ ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్క్, ఎల్లాప్రగడ సుబ్బారావు వేరువేరుగా కనుగొనిరి. సుబ్బారావు భీమవరమున జన్మించిన తెలుగువాడు. ఆయన పరిశోధించిన పదార్థపు అంశమే నేడు గుండె పరీక్షలో మందుగా ఉపయోగపడుచున్నది.

అడినోసిన్ ఇచ్చినపుడు ఆరోగ్యకరమైన ధమనుల మార్గమున రక్తము కొన్ని రెట్లు పెరుగును. ఇరుకైన ధమని మార్గమున అట్లు పెరుగజాలదు. విశ్రాంతిలో కనబడని భేదము అప్పుడు బయటపడును. ఈ మందువలన కొన్ని నిమిషములపాటు ముఖము వేడెక్కుట, ఛాతీలో బరువు, ఆయాసము కలుగవచ్చును. భయపడవలసిన పని లేదు. రక్తములో దీని పని కొలది సెకండ్లలోనే తగ్గిపోవును గనుక, మందు ఆపగానే బాధ ఉపశమించును. పరీక్ష జరుగునంతవరకు గుండె లయను, రక్తపుపోటును గమనించుచు వైద్యుడు దగ్గరనే యుండును.

పరీక్ష జరుగు విధము

రోగిని బల్లపై పరుండబెట్టి, ఛాతీకి ఇ.సి.జి. తీగెలు తగిలింతురు. సిరలలో సన్నని గొట్టములను అమర్తురు. ఒకసారి విశ్రాంతి స్థితిలోను, ఒకసారి అడినోసిన్ ఇచ్చుచుండగను అయొడిన్ ద్రవము నెక్కించి చిత్రములు తీయుదురు. వీనిలో ఏది ముందు జరుపవలెనో వైద్యులు నిర్ణయింతురు. ద్రవము నెక్కించినపుడు ఒళ్లంతయు వెచ్చబడినట్లు తోచును. చెప్పినపుడు ఊపిరి బిగపట్టి, కదలకుండ నుండవలెను. కదలినచో చిత్రము చెదరును.

చిత్రములు తీయుటలో రెండు పద్ధతులు గలవు. మొదటి పద్ధతిలో, కండరము తెల్లబడిన తరుణము చూచి ఒక్కమారు చిత్రింతురు. రెండవ పద్ధతిలో, సుమారు అర నిమిషముపాటు వరుసగా అనేక చిత్రములు తీసి, అయొడిన్ ఎంత వేగముగా కండరమును చేరినదో లెక్కింతురు. ఈ రెండవ పద్ధతివలన నూరు గ్రాముల కండరమునకు నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్ల రక్తము వచ్చుచున్నదో అంచనా వేయవచ్చును. మూడు ధమనుల మార్గములును ఒకే రీతిగా దెబ్బతిన్నపుడు, ఒక భాగమును మరియొక భాగముతో పోల్చి చూచుటవలన లోపము తెలియదు. అట్టి సందర్భమున ఈ లెక్క మిక్కిలి ఉపయోగకరము.

నల్లని మచ్చకు అర్థమేమి?

శ్రమ సమయపు చిత్రములో నల్లగా నుండి, విశ్రాంతి చిత్రములో మామూలుగా కనబడు భాగము ప్రాణముతో నున్నది. కాని దానికి అవసర సమయమున రక్తము చాలుట లేదు. రెండు చిత్రములలోను నల్లగానే యున్న భాగము సాధారణముగా పూర్వపు గుండెపోటువలన చచ్చి మచ్చగా మారినది. మొదటిదానికి రక్తము పెంచు చికిత్సవలన ప్రయోజనము కలుగవచ్చును. చచ్చిన కండరమును ఏ చికిత్సయు తిరిగి బ్రతికింపజాలదు. ఈ రెంటికిని గల భేదము రోగికి మిక్కిలి ముఖ్యము.

ప్రతి నల్లని మచ్చయు రోగము కాదు. ఎముకల వలనను, దట్టమైన అయొడిన్ వలనను కిరణములు మారుటచేత కొన్ని కృత్రిమమైన నీడలు పడును. గుండె కదలికవలనను ఇట్టి భ్రమ కలుగును. కావున అనుభవముగల వైద్యుడు, మచ్చ పడిన చోటును, దానికి రక్తమిచ్చు ధమనిని పోల్చి చూచి నిర్ణయింపవలెను. సి.టి. పరీక్షకు గల సౌకర్యమిదియే: ధమని రూపమును, కండరపు స్థితిని ఒకే యంత్రముతో, ఒకే పూటలో చూడవచ్చును. 2014లో ప్రకటింపబడిన కోర్ 320 అను పరిశోధనలో, 8 దేశములలోని 16 ఆసుపత్రులలో 381 మందిని పరీక్షించిరి. ధమనుల చిత్రమును మాత్రమే చూచుటకన్న, కండర చిత్రమును కూడ కలిపి చూచినపుడు, రక్తప్రవాహమును నిజముగా అడ్డగించు ఇరుకును మరింత సరిగా గుర్తింపగలిగిరి.

దీనివలన చికిత్సలో కలుగు భేదము

ఇరుకు కనబడిన ప్రతి చోటను స్టెంట్ వేయుట మేలు కాదని ఇదివరకే తేలినది. 2009లో వెలువడిన ఫేమ్ అను పరిశోధనలో, పలు ధమనులలో ఇరుకు గల 1,005 మందిని రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు చిత్రమును బట్టియే స్టెంట్లు వేసిరి. రెండవ వర్గములో, సన్నని తీగెను ధమనిలోనికి పంపి, పీడనమును కొలిచి, ప్రవాహమునకు నిజముగా అడ్డైన చోటనే వేసిరి. రెండవ వర్గమున స్టెంట్ల సంఖ్య తగ్గెను. ఒక సంవత్సరములో మరణము, గుండెపోటు, మరల చికిత్స అవసరమగుట అను ఆపదలును నూటికి 18 నుండి 13కు తగ్గెను.

కండరమునకు రక్తము చాలుట లేదని తేలినంత మాత్రమున అందరికిని వెంటనే శస్త్రచికిత్స కావలెననియు కాదు. 2020లో ప్రకటితమైన ఇస్కీమియా అను పరిశోధనలో మన దేశముతో సహా 37 దేశములవారు, 5,179 మంది పాల్గొనిరి. నిలకడగా నున్న జబ్బు గలవారిలో, మందులతో చికిత్స చేయబడినవారికిని, మొదటనే స్టెంట్ లేక బైపాస్ మార్గమున నడిపింపబడినవారికిని మరణముల విషయమున గాని గుండెపోటుల విషయమున గాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. తరచుగా ఛాతీ నొప్పి గలవారికి మాత్రము రెండవ మార్గమున ఎక్కువ ఉపశమనము కలిగెను. ఎడమ వైపు ప్రధాన ధమని మొదలే మూసికొన్నవారికిని, గుండెపోటు వచ్చినవారికిని ఈ ఫలితము వర్తింపదు.

కావున రోగియు బంధువులును వైద్యుని మూడు ప్రశ్నలడుగుట ఉచితము. ఈ ఇరుకువలన కండరమునకు రక్తము తగ్గుచున్నదా? తగ్గుచున్నచో ఎంత భాగమునకు? మందులతో వేచి చూచినచో నష్టమేమి? ఇట్లడుగుట వైద్యుని శంకించుట కాదు. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు సంతోషముతో సమాధానము చెప్పును.

ఎవరికి అవసరము, ఎవరికి కాదు?

ఛాతీ నొప్పి యుండి, ధమనిలో మధ్యరకపు ఇరుకు కనబడి, దాని ప్రభావము తేలనివారికి ఈ పరీక్ష ఉపయోగపడును. ధమనులలో సున్నము దట్టముగా పేరుకొన్నపుడును, పూర్వము స్టెంట్ వేసియున్నపుడును ధమని చిత్రము స్పష్టముగా రాకపోవచ్చును; అప్పుడును కండర చిత్రము సహాయకారి యగును. ఏ బాధయు లేని ఆరోగ్యవంతులు వేడుకకై దీనిని చేయించుకొనరాదు. ఈ పరీక్ష అన్ని చోట్లను లభించదు. ట్రెడ్‌మిల్, ఎకో, రేడియో ధార్మిక పదార్థముతో చేయు న్యూక్లియర్ స్కాన్, ఎం.ఆర్.ఐ. మొదలగు పరీక్షలును ఇదే ప్రశ్నకు వేరు మార్గముల సమాధానమిచ్చును. తమ ఊరిలో సి.టి. పరీక్ష లేదని చింతింప నక్కరలేదు.

ఎక్స్-కిరణముల మోతాదు, యంత్రమును పద్ధతిని బట్టి మారును. కండర పరీక్షకు అది సాధారణముగా 10 మిల్లీసీవర్టుల లోపుననో, ఒక్కొక్కప్పుడు అంతకు కొంచెము ఎక్కువగానో యుండును. ప్రకృతినుండి మనిషికి సగటున ఏటేట కలుగునది సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ఒక్క పరీక్షవలన కలుగు అపాయము స్వల్పము. ఐనను అవసరము లేని పరీక్షలను మరల మరల చేయించుకొనుట తగదు.

పరీక్షకు ముందు పాటింపవలసినవి

పరీక్షకు ముందు 12 నుండి 24 గంటలవరకు, ఆసుపత్రివారు చెప్పిన మేరకు, కాఫీ, తేనీరు, కోలా పానీయములు, చాక్లెట్లు పూర్తిగా మానవలెను. వీనిలోని కెఫీన్ అడినోసిన్ పనిని అడ్డగించును. ఉదయమున ఒక్క గుక్కెడు కాఫీయే కదా యని త్రాగి, ఆ సంగతి దాచినచో, రక్తము చాలని కండరము కూడ బాగున్నట్లు చిత్రములో కనబడవచ్చును. త్రాగినచో తప్పక చెప్పవలెను. పరీక్షను మరియొక దినమునకు మార్తురు.

ఉబ్బసము గలవారు, ఆయాసమునకు థియోఫిల్లిన్ జాతి మందులు వాడువారు, గుండె లయ మందగించినవారు ముందే తెలుపవలెను. వీరికి అడినోసిన్ తగకపోవచ్చును. మూత్రపిండముల జబ్బు గలవారు రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని రావలెను. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ వాడువారు ఆ సంగతి చెప్పవలెను గాని, తమంతట తాము మందు మానరాదు. పూర్వము అయొడిన్ ద్రవము వలన దద్దురులు గాని ఆయాసము గాని కలిగినవారును, గర్భవతులును, గర్భవతి యగుటకు అవకాశము గల స్త్రీలును ముందుగా తెలుపవలెను. చేపలు, రొయ్యలు పడనివారికి ఈ ద్రవమును పడదనుట అపోహ. ఆ వికటము రొయ్యలోని మాంసకృత్తులవలన కలుగునదే గాని అయొడిన్ వలన కాదు.

అత్యవసరమున చేయవలసినది

ఇంతవరకు చెప్పినది నిలకడగా నున్న జబ్బును గూర్చి మాత్రమే. హఠాత్తుగా ఛాతీలో బరువు, బిగింపు కలిగి, ఎడమ చేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టి, విశ్రాంతి తీసికొన్నను తగ్గనిచో అది గుండెపోటు కావచ్చును. మధుమేహము గలవారిలోను, వృద్ధులలోను నొప్పి లేకయే ఆయాసము, నీరసము మాత్రమే కలుగవచ్చును. అట్టి సమయమున గ్యాస్ నొప్పి యని సోడా త్రాగుచు కాలము గడపరాదు. ఏ స్కాన్ చేయింపవలెనా యని విచారించుచు కూర్చుండరాదు. 108కి గాని 112కి గాని ఫోను చేసి, వెంటనే ఆసుపత్రికి చేరవలెను. మూసికొనిన ధమని ఆవలి కండరము నిమిష నిమిషమునకు చచ్చుచుండును.

పరీక్ష ఎంత గొప్పదైనను లోపమును చూపునే గాని దానిని తీర్పజాలదు. పొగాకు మానుట, రక్తపుపోటును, చక్కెరను, కొవ్వును అదుపులో నుంచుట, దినదినము నడచుట, వైద్యుడిచ్చిన మందులను విడువక వాడుట, ఇవియే ధమనులను కాపాడునవి. కాలువలో పూడిక పేరుకొనకుండ చూచుకొనువానికి చివరి చేను ఎండునను భయము తక్కువ.